వెండి నల్లబడితే రుద్దడం మొదలుపెట్టకండి, ముందు ఆ నలుపు ఏమిటో చూడండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మగారు పోయాక పన్నెండేళ్లుగా బీరువాలో ఉన్న వెండి సామాను వరలక్ష్మీ వ్రతం కోసం ఇప్పుడు బయటికి తీశారు. చెంబు, కంచం, రెండు కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణి, కుంకుమ భరిణె, మీ చిన్నప్పటి ఉగ్గుగిన్నె, ఓ పదిహేను పాత వెండి రూపాయలు. అన్నిటినీ న్యూస్‌పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టారు, అన్నీ నల్లగా అయిపోయాయి. పేస్టు పెట్టి తోమమని ఒకరు, చింతపండు అని ఒకరు, అల్యూమినియం ఫాయిల్ అని ఇంకొకరు చెప్పారు. ఇంత నల్లబడిందంటే అసలు వెండేనా అని మీవారికి అనుమానం వచ్చింది. వ్రతానికి ఇంకా పది రోజులే ఉందని మీకు టెన్షన్.

ముందు ఆ అనుమానం సంగతి చెబుతాను. నల్లబడినంత మాత్రాన వెండి మంచిది కాదని అర్థం కాదు. మేలిమి వెండి కూడా నల్లబడుతుంది. ఎన్నేళ్లు ఉంచినా నల్లబడకుండా ఉంటేనే పైన ఏదైనా పూత ఉందేమో చూసుకోవాలి. స్వచ్ఛత ఎంతో తెలుసుకోవాలనుకుంటే నగల షాపుల్లో మెషీన్ మీద పెట్టి నిమిషాల్లో చెబుతారు, వస్తువును గీకాల్సిన పని కూడా లేదు. అది తర్వాత తీరిగ్గా చేయించుకోండి.

ముప్ఫై ఏళ్లుగా నేను చేసేది వెండి సామాను రిపేరు, మెరుగు పని. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, నలుపు వల్ల పాడైన వెండి కంటే ఆ నలుపు వదిలించబోయి పాడుచేసుకున్న వెండే ఎక్కువ. అందుకే కాస్త ఓపిగ్గా చదవమని అడుగుతున్నాను.

ఆ నలుపు పైనుంచి వచ్చి పడిన మురికి కాదు. గాలిలో ఉండే గంధకపు వాయువులు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పొరగా మారతాయి. తేమ ఉంటే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, అందుకే కోస్తా ఊళ్లలో వెండి త్వరగా నల్లబడుతుంది. కోడిగుడ్డు, ఉల్లి, వెల్లుల్లి, ఆవపిండి అన్నిట్లో గంధకం ఉంటుంది. వెండి కంచంలో ఆవకాయ వేసుకుని తిన్నాక వెంటనే కడగకపోతే అక్కడ మచ్చ పడేది అందుకే. దీపావళి టపాసుల మందులో గంధకం ఉంటుంది కాబట్టి, పండగ అయిన వారానికే పూజ సామాను రంగు మారిందని మా దగ్గరికి తెచ్చేవాళ్లు ఏటా ఉంటారు.

ఆ నల్లటి పొర బరువులో నూటికి 87 వంతులు వెండే. అంటే మీరు గీకి కడిగి సింకులో పోసేది మీ వెండినే. ఒక్కసారికి పోయేది చాలా తక్కువ, కంటికి కూడా తెలియదు. కానీ ఏడాదికి రెండు మూడుసార్లు చొప్పున ముప్ఫై నలభై ఏళ్లు తోమితే ఏమవుతుందో నేను చూశాను. ఒక పెద్దావిడ వెండి కంచం తెచ్చారు, అంచుకు చిన్న చీలిక వచ్చిందని. వెనక వాళ్లమ్మగారి పేరు చెక్కించి ఉంది. నాలుగు అక్షరాల పేరట. నేను కంచం తిరగేసి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే మొదటి అక్షరం ఒక్కటే కనిపించింది. రెండోది వేలితో తడిమితే ఉన్నట్టు అనిపించింది. మిగతా రెండూ పూర్తిగా అరిగిపోయాయి. అంచు పలచబడి, పట్టుకుంటే చేతికి కోసుకునేలా ఉంది. ప్రతి పండక్కీ పేస్టు వేసి, పీచుతో తళతళలాడేలా తోమేవారట. ఆవిడకు ఆ కంచం అంటే ఎంత ప్రేమో మాటల్లో తెలుస్తూనే ఉంది. చీలిక టంకం పెట్టి అతికించాను. పేరు మళ్లీ చెక్కించవచ్చు కానీ, ఆ రోజుల్లో చెక్కిన ఆయన చేతిరాత తిరిగి రాదు కదా.

కాబట్టి రుద్ది తీసే పద్ధతి చివరిది. ఆ నలుపులో ఉన్న వెండిని తిరిగి వెండిగానే వస్తువు మీద నిలబెట్టే పద్ధతి ఒకటి ఉంది. మీకు ఎవరో చెప్పిన ఫాయిల్ పద్ధతి అదే. కానీ అది మీ సామాను మొత్తానికి పనికిరాదు, అందుకని ముందు వాటిని విడదీయండి.

వెండి రూపాయలు పక్కన పెట్టేయండి. వాటిని దేనితోనూ శుభ్రం చేయకండి. విక్టోరియా, ఎడ్వర్డ్, అయిదో జార్జి బొమ్మలున్న రూపాయలు 11.66 గ్రాముల బరువు, నూటికి 91.7 వంతుల వెండి. ఆరో జార్జి బొమ్మతో 1940 నుంచి 1945 వరకు వచ్చిన వాటిలో వెండి సగమే. ఏదైనా సరే, పాత నాణేలు కొనేవాళ్లు సహజంగా పట్టిన నలుపునే చూస్తారు. తోమిన నాణేనికి విలువ పడిపోతుంది. పూజలో అలాగే పెట్టండి, మెత్తటి బట్టతో దుమ్ము తుడిస్తే చాలు.

ఇక కుందులు. కుందుల మీది నలుపు చాలావరకు గంధకపు నలుపు కాదు, దీపం మసి, కాలి గట్టిపడిన నూనె జిడ్డు. దీనికి ఫాయిల్ ఏమీ చేయలేదు. చాలామంది ఇక్కడే నిరాశపడి పీచు పట్టుకుంటారు. వత్తి వేసే చోట గోరుతో మెల్లగా గీకి చూడండి. జిగటగా, గోధుమరంగుగా పెచ్చు లేస్తే అది నూనె. వేడినీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి గంటసేపు నానబెట్టి, మెత్తటి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. పోకపోతే నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి. మూడోసారికి చాలావరకు వదులుతుంది. అయితే నానబెట్టే ముందు కుందుల అడుగు తిప్పి చూడండి. కొన్ని కుందులు, అమ్మవారి ముఖాలు లోపల బోలుగా ఉంటాయి, బరువు కోసమో సొట్ట పడకుండానో లక్క నింపుతారు. అడుగున ఎర్రగానో నల్లగానో మైనం లాంటిది కనిపిస్తే వేడినీళ్లలో వేయకండి, లక్క మెత్తబడి కారుతుంది. అలాంటివాటికి గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచి పిండిన బట్టే దారి.

భరిణె మూతమీద రాళ్లు గానీ, ముత్యాలు గానీ, రంగు మీనా గానీ ఉంటే దాన్ని కూడా విడిగా పెట్టండి. నగిషీ సందుల్లో కావాలని నల్లగా ఉంచిన పని ఉంటే అదీ అంతే. ఈమధ్య వచ్చే ఆక్సిడైజ్డ్ వెండి నగలన్నీ ఆ కోవలోవే. ఫాయిల్ నీళ్లలో వేస్తే ఆ నలుపు పోయి బొమ్మ మొత్తం తెల్లగా, లోతు లేకుండా కనిపిస్తుంది.

మిగిలిన చెంబు, కంచం, పంచపాత్ర, ఉద్ధరిణి, ఉగ్గుగిన్నెకు ఇలా చేయండి.

మొదట అన్నిటినీ గిన్నెల సబ్బుతో మామూలుగా కడగండి. కుంకుమ, గంధం, వేళ్ల జిడ్డు పోవాలి. జిడ్డున్న చోట సోడా నీళ్లు వెండికి సరిగా తగలవు, అక్కడ మచ్చలుగా మిగులుతుంది. తర్వాత ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు గానీ గాజు గిన్నె గానీ తీసుకుని లోపల అల్యూమినియం ఫాయిల్ పరవండి. మెరిసే వైపు పైకా, కిందికా అన్నది పట్టించుకోనక్కర్లేదు. ఫాయిల్ దొరక్కపోతే మన ఇళ్లలో సిల్వర్ గిన్నె అని పిలిచే పాత అల్యూమినియం గిన్నె ఉన్నా సరిపోతుంది, పేరు సిల్వరే గానీ అది అల్యూమినియమే. దాని అడుగు మాత్రం నల్లబడుతుంది, కాబట్టి వాడకంలో లేనిది తీసుకోండి.

లీటరు వేడినీళ్లకు మూడు నాలుగు పెద్ద చెంచాల వంటసోడా, ఒక చిన్న చెంచా ఉప్పు. నీళ్లు మరిగించి దించి పోయండి, సోడా వేయగానే పొంగుతుంది కాబట్టి కొద్దికొద్దిగా వేయండి. ఇప్పుడు పంచపాత్రను పటకారుతో పట్టుకుని నీళ్లలోకి దించి, ఫాయిల్‌కు ఆనేలా పెట్టండి. ఇదే అసలు కీలకం. వెండి ఫాయిల్‌ను తాకుతూ ఉండాలి, తాకకుండా తేలుతూ ఉంటే ఏమీ జరగదు. తాకిన చోటి నుంచి చిన్న చిన్న బుడగలు మొదలవుతాయి. అర నిమిషంలో కుళ్లిన గుడ్డు వాసన లాంటిది వస్తుంది. భయపడకండి, వెండిని పట్టుకున్న గంధకం బయటికి వెళ్తున్న వాసన అది. గంధకానికి వెండి కంటే అల్యూమినియం మీద మక్కువ ఎక్కువ, అందుకని దీన్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది, వెండి మళ్లీ వెండిగా అక్కడే మిగులుతుంది. వంటింటి కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి చేయండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

నల్లగా ఉన్నది ముందు గోధుమరంగుకు, తర్వాత పసుపుకు, ఆ తర్వాత తెలుపుకు మారడం మీ కళ్ల ముందే కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నా నేను ఇప్పటికీ ఆగి చూసే ఘట్టం ఇది. రెండు మూడు నిమిషాలకు తీసి చూడండి, అయిదు నిమిషాలకు మించి వదలకండి. పన్నెండేళ్ల నలుపు ఒక్కసారికి పోదు. నీళ్లు చల్లారితే పని మందగిస్తుంది. కొత్త వేడినీళ్లు, కొత్త సోడా, కొత్త ఫాయిల్ ముక్కతో మళ్లీ చేయండి. మూడుసార్లు చేసినా ఏమీ కాదు. చెంబు పెద్దది కాబట్టి మునగకపోతే పక్కకు పడుకోబెట్టి, కాసేపటికోసారి తిప్పండి. లోపలి వైపు కోసం ఫాయిల్ ముక్కను ఉండలా చుట్టి లోపల వేసి అదే నీళ్లతో నింపండి.

తీసిన వెంటనే రెండు మూడు నీళ్లలో బాగా కడగండి. మీది బోరు నీళ్లయితే చివరిసారి ఆర్ఓ నీళ్లతో కడిగితే తెల్లటి చుక్కలు పడవు. పాత కాటన్ బట్టతో వెంటనే తుడిచి, ఫ్యాన్ కింద గంటసేపు ఉంచండి.

ఇప్పుడు మీకు ఒక చిన్న నిరాశ ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను. వెండి తెల్లగా అవుతుంది గానీ సున్నం వేసినట్టు మసకగా, మెరుపు లేకుండా ఉంటుంది. పద్ధతి పనిచేయలేదని అనుకోకండి. తిరిగి వచ్చిన వెండి పైన గరుకుగా కూర్చుంటుంది, దాన్ని కాస్త నునుపు చేయాలి, అంతే. మెత్తటి సుద్దపొడిని పలచటి బట్టలో జల్లించి, రెండు చుక్కల నీళ్లతో పేస్టులా కలిపి, తడి కాటన్ బట్టతో నిలువుగా ఒకే దిశలో తేలిగ్గా రుద్దండి. గుండ్రంగా తిప్పుతూ రుద్దితే వెలుతుర్లో చుట్లు చుట్లుగా గీతలు కనిపిస్తాయి. ఒక్కో వస్తువుకు రెండు నిమిషాలు చాలు.

రబ్బరు బ్యాండు వేసిన చోట నల్లటి గీత మిగిలిపోయి ఉంటుంది చూడండి. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు, అది ఏళ్ల తరబడి ఒకేచోట ఆనుకుని ఉంటే ఆ గీత లోతుగా పడుతుంది. ఫాయిల్ నాలుగోసారి పెట్టినా నీడలా కనిపిస్తుంటే వదిలేయండి. దానికోసం గట్టిగా రుద్దితే గీత పోదు, చుట్టూ పల్లం పడుతుంది.

పేస్టు సంగతి. వెండి మెత్తటి లోహం. పేస్టులో పళ్లను రుద్దడానికి వేసే పొడి ఉంటుంది. అందులో సిలికా ఉంటే అది వెండి కంటే చాలా గట్టిది. తెల్లగా చేస్తాయనే పేస్టులు ఇంకా గరుకు. మెరుస్తుంది, నిజమే, సన్నటి గీతలతో మెరుస్తుంది. ఆ గీతల్లోనే మళ్లీసారి నలుపు ముందుగా చేరుతుంది. బూడిద, ఇసుక కలిసిన గిన్నెల పౌడరు, స్టీలు పీచు గురించి వేరే చెప్పక్కర్లేదు.

చింతపండు మన ఇళ్లలో ఇత్తడికీ, రాగికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటి కిలుం పులుపుకు కరుగుతుంది. వెండి నలుపు పులుపుకు కరగదు. చింతపండుతో తోమితే తెల్లబడింది అనేవాళ్లకు తెల్లబడింది చింతపండు వల్ల కాదు, తోమడం వల్ల. కంచం మీద ఎక్కడైనా ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే అది వెండిలో కలిపిన రాగి పట్టిన కిలుం. అక్కడ మాత్రం దూదికి నిమ్మరసం అద్ది ఆ మచ్చకే రాసి, నిమిషంలో కడిగేయండి. కుంకుడుకాయ రసం మాత్రం నాకు ఇష్టమైనది. నలుపు తీయదు, కానీ జిడ్డు తీయడంలో సబ్బు కంటే మృదువుగా ఉంటుంది, పట్టీలకు, మట్టెలకు చాలా బాగుంటుంది.

షాపుల్లో సీసాల్లో అమ్మే డిప్ లిక్విడ్ సెకన్లలో నలుపు తీసేస్తుంది. మామూలుగా అందులో యాసిడ్, థయోయూరియా అనే రసాయనం ఉంటాయి. అది గంధకంతో పాటు పొరలో ఉన్న వెండినీ కరిగించి తీసుకుపోతుంది. ముత్యాలను పాడుచేస్తుంది, బోలు వస్తువుల్లోకి దిగితే బయటికి రాదు. ఉగ్గుగిన్నె, కంచం, గ్లాసు లాంటి నోటికి తగిలే సామానుకు దాన్ని వాడవద్దనే నా సలహా.

మీ ఇంట్లో ఉన్నాయని రాయలేదు గానీ, ఇది చదివే మిగతావాళ్లకు రెండు మాటలు. కరీంనగర్ ఫిలిగ్రీ, అంటే సన్నటి వెండి తీగలు అల్లి చేసే పని, దానికి ఫాయిల్ పద్ధతే అన్నిటికంటే మంచిది, తీగల మీద చెయ్యి పెట్టి రుద్దాల్సిన పని ఉండదు. బట్టతో తుడిస్తే తీగ దారానికి చిక్కుకుని లేస్తుంది. బ్రష్ కూడా వద్దు, నీళ్లలో ఆడించి కడిగి, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలితో ఆరబెట్టండి. బిద్రీ సామానుకు మాత్రం ఇది పూర్తిగా వ్యతిరేకం. బిద్రీలో ఒళ్లంతా జింకు, కొద్దిగా రాగి. వెండి పైన పొదిగినది మాత్రమే. ఆ నలుపు బీదర్ కోట మట్టి, నవసాగరం అనే లవణం కలిపి పట్టించిన నలుపు, కళాకారుడు చేసిన పని. దాన్ని నీళ్లలో ముంచకండి, పాలిష్ పెట్టకండి, పొడి బట్టతో తుడిచి ఒక చుక్క కొబ్బరినూనె నల్లటి భాగానికి రాయండి. రిటర్న్ గిఫ్టులుగా వచ్చే జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి. పైన పల్చటి వెండి పూత ఉంటే ఉంటుంది. గట్టిగా తోమితే పూత పోయి లోపలి లోహం బయటపడుతుంది, సబ్బునీళ్లతో సరిపెట్టుకోండి.

షాపుకి ఇవ్వాలంటే భయమని రాశారు. భయపడటంలో తప్పులేదు. సొట్టలు, చీలికలు ఉంటే షాపుకి ఇవ్వక తప్పదు. అప్పుడు మీ ముందే తూకం వేయించి, గ్రాముల్లో చీటీ రాయించుకుని, ఫోనులో ఫొటోలు తీసుకుని ఇవ్వండి. తీసుకునేటప్పుడు మళ్లీ తూకం వేయించండి. మెషీన్ మీద బఫింగ్, అంటే తిరిగే చక్రానికి ఆనించి మెరుగు పెట్టడం, చేస్తే కొంత తగ్గడం సహజం, ఎంత తగ్గుతుందో ముందే అడగండి. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి అయిదు నిమిషాల్లో మెరుగు పెడతామనేవాళ్లకు మాత్రం ఒక్క మట్టె కూడా ఇవ్వకండి. వాళ్ల గిన్నెలో ఉన్నది యాసిడ్ అయితే మీ వెండి అందులో కరిగి వాళ్లతోనే వెళ్లిపోతుంది. మా వీధిలోనే ఒకావిడ పట్టీలు అలా ఇచ్చి, సగానికి సగం సన్నబడ్డాయని నా దగ్గరికి తెచ్చి ఏడ్చారు.

శుభ్రం చేశాక దాచడం. న్యూస్‌పేపర్, రబ్బరు బ్యాండు, ఉన్ని బట్ట, ఈ మూడూ ఇక వద్దు. ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల కాటన్ పంచె ముక్కల్లో ఒక్కోదాన్ని విడివిడిగా చుట్టండి. దాన్ని జిప్ ఉన్న పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి పిండేసి, ఒక సిలికా జెల్ ప్యాకెట్ వేసి మూయండి. కవరుకు తడి తగలకుండా, వస్తువు పూర్తిగా ఆరాకే పెట్టాలి. కంచం, గ్లాసు మాత్రం దాచకుండా వాడుకోండి. రోజూ వాడి సబ్బుతో కడిగి తుడిచే వెండి అంత తొందరగా నల్లబడదు. మిగతావి మూడు నెలలకోసారి విప్పి చూడండి. నలుపు ముందు లేత పసుపుగా మొదలవుతుంది. ఆ దశలోనే సబ్బునీళ్లు, మెత్తటి బట్టతో తుడిస్తే చాలావరకు పోతుంది, సోడా దాకా వెళ్లే పని ఉండదు.

ఉగ్గుగిన్నె మీ మనవరాలికి వాడాలనుకుంటున్నామని చివర్లో రాశారు. నిరభ్యంతరంగా వాడండి. పైన చెప్పినట్టు ఫాయిల్‌లో పెట్టి, సుద్ద అయ్యాక, మంచినీళ్లలో పది నిమిషాలు మరిగించి తీయండి. ముక్కు దగ్గర టంకం ఊడిందేమో, వేలితో తడిమితే కోసుకునే అంచు ఏమైనా ఉందేమో చూసుకోండి. ఉంటే వాడే ముందు ఎవరైనా పనివాళ్ల దగ్గర నునుపు చేయించండి, అయిదు నిమిషాల పని. పాలు పోసి ఉంచి వదిలేయకుండా, తాగించిన వెంటనే కడిగేయండి. గిన్నె అడుగున మీ అమ్మగారు చెక్కించిన తేదీ ఉందన్నారు కదా, ఆ అంకెల సందుల్లో ఉన్న నలుపు పూర్తిగా పోకపోతే అలాగే ఉండనివ్వండి, ఆ నలుపు ఉంటేనే తేదీ చదవడానికి కనిపిస్తుంది.